తాతగారి పెంటాక్స్ కె1000: బాగు చేయించాలా, బీరువాలోనే ఉంచాలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పటమటలో అమ్మమ్మగారి బీరువా సర్దుతుంటే తాతగారి పెంటాక్స్ కె1000 దొరికింది. దాని 50 ఎంఎం ఎఫ్2 లెన్సులో సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తున్నాయి. వెనక తలుపు తీస్తే వేలికి నల్లటి జిగురు అంటుకుంది. బాగు చేయించడం దండగేనా, రీళ్లు ఇప్పుడు దొరుకుతాయా, ఫోన్ చేతిలో ఉండగా దీంతో వచ్చే ఆనందం ఏమిటి అని అడిగారు.

బాగు చేయించండి. నేను 1985లో గుంటూరు బ్రాడీపేటలో ఒక స్టూడియోలో పనికి కుదిరాను. డార్క్ రూమ్‌లో ఫిల్ములు కడగడంతో మొదలుపెట్టి తర్వాత పాతికేళ్లు పెళ్లిళ్లు తీశాను. ఇన్నేళ్లలో వాడి వాడి పాడైన కె1000 నా చేతికి ఒకటో రెండో వచ్చి ఉంటాయి. వాడకుండా పాడైనవి లెక్కలేనన్ని చూశాను. ఈ కెమెరాకు పని చెప్పకపోవడమే జబ్బు. లోపల పళ్లచక్రాలకు రాసిన నూనె కదలిక లేక గట్టిపడుతుంది, చీకట్లో లెన్సుకు బూజు పడుతుంది, తలుపు అంచుల్లోని స్పాంజి కరిగి జిగురవుతుంది. మీరు రాసినవన్నీ అవే లక్షణాలు, అన్నిటికీ మందు ఉంది.

పెంటాక్స్ వాళ్లు కె1000ను 1976లో మొదలుపెట్టి 1997 దాకా తయారుచేశారు. అన్నేళ్లూ దాదాపు ఒకే రూపం. ఫిల్ము మీదికి వెలుగును వదిలే షట్టర్ తెరలు పూర్తిగా స్ప్రింగుల మీదే నడుస్తాయి. 1 సెకను నుంచి 1/1000 దాకా ఏ వేగానికీ బ్యాటరీ అక్కర్లేదు. చిన్న ఎల్ఆర్44 బిళ్ల బ్యాటరీ వెలుగును కొలిచే మీటరు ఒక్కదాని కోసమే. 1976లోనే వచ్చిన కెనాన్ ఏఈ-1 కూడా మంచి కెమెరానే, కానీ దాని షట్టర్ ఎలక్ట్రానిక్. బ్యాటరీ లేకపోతే క్లిక్ కూడా అనదు, లోపలి సర్క్యూట్ పోతే బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. మీకు దొరికింది బాగుపడే కెమెరా.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. కె1000లో మీటరుకు వేరే స్విచ్ లేదు. లెన్సు మీద మూత పెట్టడమే దాన్ని ఆపడం. మూత లేకుండా వదిలేస్తే కొన్నాళ్లకు బ్యాటరీ అయిపోతుంది.

రిపేరుకు ఇచ్చే ముందు ఇంట్లోనే మూడు పరీక్షలు చేయండి. లెన్సు విప్పి, వెనక తలుపు తెరిచి, కెమెరాను కిటికీ వైపు పట్టుకోండి. ఫిల్మును జరిపే లీవరు లాగి, షట్టర్ వేగం 1/1000 దగ్గర పెట్టి బటన్ నొక్కండి. రెప్పపాటులో వెలుగు నలుచదరంగా, అంతటా సమానంగా కనిపించాలి. ఒక పక్క చీకటిగా ఉంటే గుడ్డ తెరల్లో ఒకటి వెనకబడుతోందని అర్థం. ట్యూబ్‌లైట్ ముందు చూడకండి, అది మినుకుమనే వెలుగు కాబట్టి మోసం చేస్తుంది. తర్వాత 1 సెకను, 1/2, 1/4, 1/15 వరసగా నొక్కుతూ ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. మీ ఫోన్ సెకనుకు 240 ఫ్రేములు తీస్తే 1/15 దగ్గర తెర 16 ఫ్రేముల సేపు తెరిచి ఉండాలి. మా రోజుల్లో ఈ పరీక్షకు చెవే ఆధారం. 1 సెకను దగ్గర తెర తెరుచుకుని అలాగే ఆగిపోతే భయపడకండి, గట్టిపడిన నూనె పనే అది. మూడోది లెన్సు. వెనకవైపు చిన్న మీట ఉంటుంది. వెలుగు వచ్చే కంతను చిన్నదీ పెద్దదీ చేసే ఎపర్చరు రింగును ఎఫ్ 16 (చిన్న కంత) దగ్గర పెట్టి ఆ మీటను కదిపి వదిలితే లోపలి రేకులు టక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలితే వాటి మీదికి నూనె పాకినట్టే. మన ఎండలకు లెన్సు గొట్టంలోని గ్రీజు పలచబడి రేకుల మీదికి చేరడం మామూలే.

జిగురు సంగతి చిన్నది. పాత స్పాంజిని చెక్కపుల్లతో గీకి, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, కొత్త స్పాంజి పట్టీలు అంటించాలి. లెన్సు వెనక ఉండే అద్దానికి, షట్టర్ తెరలకు మాత్రం ఆ జిగురు, స్పిరిట్ తగలకూడదు. అద్దం పైకి లేచి తగిలే చోట కూడా ఒక పట్టీ ఉంటుంది, దాన్ని మర్చిపోవద్దు. అది కరిగితే జిగురు కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ గాజుకు అంటుకుంటుంది, దాన్ని వదిలించడం చాలా కష్టం.

ఇక సాలెగూడు. అది బూజే. కృష్ణ పక్కన, మూడు కాలవల మధ్య ఉన్న ఊరు మీది. వానాకాలంలో బీరువాలో పట్టుచీరలకే ముక్కిన వాసన వస్తుంది. లెన్సు గాజుల అంచున సన్నటి పోగులు ఉంటే ఫొటోలో ఏమీ తెలియదు. మధ్యలో గుబురుగా ఉంటే బొమ్మ పాలిపోయినట్టు వస్తుంది. లెన్సు విప్పి తుడిస్తే చాలావరకు పోతుంది, కానీ ఏళ్ల తరబడి ఉన్న బూజు గాజు మీది పూతను తినేస్తుంది, ఆ మచ్చ మిగిలిపోతుంది. స్క్రూడ్రైవర్ తీసుకుని మీరు విప్పవద్దు. ఎండలో పెడితే బూజు చస్తుందని కొందరు చెబుతారు. మూత లేని లెన్సు ఎండలో భూతద్దమే, కింద ఉన్న గుడ్డో కాగితమో కాలుతుంది. శుభ్రం చేయించే ఖర్చు ఎక్కువ చెబితే, ఈ 50 ఎంఎం ఎఫ్2 సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరికే లెన్సు. ఇంకోటి కొనుక్కుని తాతగారిది గుర్తుగా దాచుకోవచ్చు.

బాగయ్యాక మళ్లీ తోలు కేసులో పెట్టకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, బూజుకు అంతకన్నా మంచి ఇల్లు లేదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. సిలికా జెల్ రంగు మారితే మూకుడులో సన్నటి సెగ మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఆ మూకుడును వంటకు వాడకండి. నెలకొకసారి కెమెరా బయటికి తీసి అన్ని వేగాల దగ్గరా నాలుగైదుసార్లు నొక్కండి. ఆ కాస్త కదలికతోనే దాని ఆయుష్షు పెరుగుతుంది.

రీళ్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. కలర్‌లో కోడక్ గోల్డ్ 200, అల్ట్రామ్యాక్స్ 400, బ్లాక్ అండ్ వైట్‌లో ఇల్ఫర్డ్ హెచ్‌పీ5, కెంట్‌మీర్ 400. ఒకప్పుడు ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు చేసిన ఇందు ఫిల్ము మా స్టూడియోలో పెట్టెలకు పెట్టెలు ఉండేది, ఇప్పుడది లేదు. తెచ్చుకున్న రీలును ఫ్రిజ్‌లో ఉంచండి. తీశాక ఒకట్రెండు గంటలు బయటి వేడికి రానిచ్చి అప్పుడే డబ్బా మూత తెరవండి, లేకపోతే తేమ పడుతుంది. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద రీలు వదిలితే దాని రంగులు పాడైనట్టే. గన్నవరం నుంచి విమానం ఎక్కితే రీళ్లను విడిగా కవర్లో పట్టుకుని, చేత్తో చూడమని మర్యాదగా అడగండి. కొత్త రకం సీటీ స్కానర్లు ఫిల్మును పాడుచేస్తాయి.

రీలు ఎక్కించడం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ నాకు తగిలిన దెబ్బ మీకు తగలకూడదు. 1991లో తెనాలి వైపు ఒక పెళ్లి. ముహూర్తం దగ్గర పడిందని కంగారుగా రీలు మార్చాను. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు అన్నీ తీశాను. నంబరు 36 దాటింది, 37 వచ్చింది, 38 వచ్చింది, లీవరు ఇంకా తేలిగ్గానే లాగుతోంది. అప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఫిల్ము కొస కుడిపక్క చక్రం గాడిలో పట్టుకోలేదు. ఒక్క ఫొటో కూడా పడలేదు. ఆ అమ్మాయి తండ్రికి చెప్పడానికి నాకు గంట పట్టింది. ఆయన కోప్పడలేదు, తల మాత్రం పక్కకు తిప్పుకున్నారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

కెమెరాలో నంబరు ఫిల్మును లెక్కపెట్టదు, మీరు లీవరు ఎన్నిసార్లు లాగారో లెక్కపెడుతుంది. అందుకని ఇలా చేయండి. నీడలో కూర్చోండి. ఎడమవైపు పిడి పైకి లాగి రీలు పెట్టండి. కొసను కుడి చక్రం గాడిలో దూర్చి, తలుపు తెరిచే ఉంచి ఒకసారి లీవరు లాగండి. ఫిల్ము రెండు అంచుల రంధ్రాల్లోనూ పళ్లు కూర్చున్నాయో లేదో కంటితో చూశాకే తలుపు మూయండి. ఇప్పుడు ఎడమ పిడిని బాణం దిక్కుగా మెల్లగా తిప్పి రీలులోని వదులు తీయండి. తర్వాత లీవరు లాగుతుంటే ఆ పిడి తనంతట తాను వెనక్కి తిరగాలి. తిరిగితే ఫిల్ము నడుస్తోంది. మొదటి రెండు మూడు ఫొటోల దాకా ప్రతిసారీ ఆ పిడిని చూడడం అలవాటు చేసుకోండి. అన్నీ అయ్యాక అడుగున ఉన్న బటన్ నొక్కి వెనక్కి చుట్టేదాకా తలుపు జోలికి వెళ్లవద్దు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఆనందం ఏమిటి అన్నది.

ఫోన్ వెలుగును తనే చూసుకుంటుంది, మీకు చూసే పని ఉండదు. ఈ కెమెరా ఆ పని మీకు ఇస్తుంది. నాకు పని నేర్పిన ఓనరు గారు మొదటి నెల కెమెరా ముట్టుకోనివ్వలేదు. రోడ్డు మీద నిలబెట్టి "నీడ అంచు చూడు" అనేవారు. నీడ కత్తితో కోసినట్టు ఉంటే ఎఫ్ 16. అంచు మెత్తబడితే 11. నీడ ఉందా లేదా అన్నట్టుంటే 8. నీడే లేకపోతే 5.6. షట్టర్ వేగం రీలు మీది నంబరుకు దగ్గరది, అంటే 200 రీలుకు 1/250, 400 రీలుకు 1/500. ఇంతే లెక్క, బ్యాటరీ లేకపోయినా కెమెరా ఆగదు. పది రోజులు ఇలా చూస్తే, మధ్యాహ్నం బీసెంట్ రోడ్డులో షాపుల ముందు పరదా కింద వెలుగుకూ అడుగు బయట వెలుగుకూ ఎంత తేడా ఉందో మీ కన్ను దానంతటదే చెబుతుంది. నాకు ఈ వయసులో కూడా గదిలోకి అడుగుపెట్టగానే మనసులో ఒక నంబరు పలుకుతుంది. అది నాకు చాలా సంతోషం ఇచ్చే సంగతి.

మీటరు సూది ఉంది కదా అంటారేమో. ఉంది, మంచిదే. కానీ దానికి తెల్లదీ నల్లదీ తెలియదు. ఏది చూపించినా అది మధ్యరకం బూడిద రంగే అనుకుంటుంది. తెల్ల పంచెలు కట్టుకున్నవాళ్లు వరసగా నిలబడితే సూది మాట విన్నారంటే పంచెలు మాసినట్టు వస్తాయి. తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీంచి పడవను తీస్తే, వెనక మెరిసే నీళ్లు చూసి మీటరు జడుసుకుంటుంది, పడవలో మనిషి నల్లటి బొమ్మ అవుతాడు. అప్పుడు మీ అరచెయ్యిని ఆ మనిషి మీద పడే వెలుగులాంటి వెలుగులో పెట్టి, లెన్సు నిండా అరచెయ్యి కనిపించేలా కొలిచి, ఒక స్టాపు, అంటే వెలుగు రెట్టింపు అయ్యేంత, ఎక్కువ తెరవండి. ఇంకోటి, కలర్ నెగెటివ్ రీలు వెలుగు ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే మాత్రం నీడల్లో గింజలు, మట్టి రంగు వస్తాయి. డిజిటల్ అలవాటుకు ఇది తలకిందులు. అనుమానం వస్తే ఒక స్టాపు ఎక్కువే ఇవ్వండి.

వ్యూఫైండర్ మధ్యలో గరుకుగా మెరిసే గుండ్రటి చోటు ఉంటుంది. ఫోకస్ కుదరనప్పుడు అక్కడ బొమ్మ పటికబెల్లం పలుకుల్లా విరిగి వణుకుతుంది. రింగు తిప్పుతుంటే కుదిరిన క్షణాన ఆ పలుకులన్నీ కరిగిపోయి కన్ను, కనురెప్ప తేటగా నిలబడతాయి. ఆ ఒక్క క్షణం కోసమే నేను ఇప్పటికీ నెలకు రెండు రీళ్లు తీస్తాను.

లెన్సు మీద గీతలు చూశారా, అటూ ఇటూ 4, 8, 16 అని? ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా స్పష్టంగా వస్తుందో అవే చెబుతాయి, వాటిని చాలామంది పట్టించుకోరు. మీ 50 ఎంఎంను ఎఫ్ 8లో 5 మీటర్ల దగ్గర పెడితే సుమారు మూడున్నర మీటర్ల నుంచి తొమ్మిదిన్నర దాకా అంతా స్పష్టంగా ఉంటుంది. వన్‌టౌన్ సందుల్లో, కాళేశ్వరరావు మార్కెట్లో నడుస్తూ తీయడానికి ఇంకేం కావాలి? ఫోకస్ ముట్టుకోకుండా కన్ను ఆనించి నొక్కడమే.

బ్లాక్ అండ్ వైట్ మొదలుపెట్టాక మీకు రంగులు కొత్తగా కనిపిస్తాయి. మా గుంటూరు మిర్చి కల్లాలే తీసుకోండి. ఫిబ్రవరి, మార్చిలో ప్రత్తిపాడు వైపు వెళ్తే ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు కాయలు ఆరబోసి ఉంటాయి, ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయ ఏరుతుంటారు. మొదటిసారి అక్కడ ఒక రీలంతా తీసి కడిగి చూస్తే ఉసూరుమంది. ఎర్రటి కాయ, పక్కన పచ్చటి ఆకు, రెండూ ఒకే బూడిద రంగు. మరుసటి వారం లెన్సుకు ఎర్ర ఫిల్టర్ తగిలించి వెళ్లాను. కాయలు తెల్లగా ముత్యాల్లా వెలిగాయి, ఆకులూ ఆకాశమూ నల్లబడ్డాయి. అదే చోట ఆకుపచ్చ ఫిల్టర్‌తో తీస్తే కాయలు బొగ్గులయ్యాయి. ఏ రంగు ఫిల్టర్ పెడితే ఆ రంగు తేలిపోతుంది, దానికి ఎదురు రంగు ముదురుతుంది. మీ ఇంట్లో ముత్తవ్వల కాలం ఫొటోలు ఉంటే చూడండి, కుంకుమ బొట్టు కాటుక బొట్టంత నల్లగా ఉంటుంది. ఆ రోజుల్లో ఎక్కువగా వాడిన ప్లేట్లకు ఎరుపు కనిపించేది కాదు. మీ లెన్సుకు 49 ఎంఎం ఫిల్టర్ సరిపోతుంది. ముందు పసుపు పచ్చది కొనండి, అది ఒక స్టాపు వెలుగు తింటుంది, ఎర్రది మూడు తింటుంది. ఎర్రది పెట్టినప్పుడు సూది చెప్పినదానికన్నా కాస్త ఎక్కువే ఇవ్వండి.

కలర్ రీలు కడిగించడానికి ఊళ్లో తిరిగి అడగండి, కానీ చాలా ల్యాబులు ఆ మెషీన్లు తీసేశాయి. పెద్ద నగరాల్లోని ల్యాబులకు కొరియర్ చేసి స్కాన్లు తెప్పించుకోవడమే తేలిక. బ్లాక్ అండ్ వైట్ మాత్రం ఇంట్లోనే కడుక్కోండి, బాత్రూమ్ చాలు. చిక్కంతా మన వేడితోనే. ఫిల్ము మీద బొమ్మను బయటికి తెచ్చే మందు డెవలపర్, దాని లెక్కలు 20 డిగ్రీలకు రాసి ఉంటాయి, మన కుళాయి నీళ్లు ఎండాకాలంలో 30 దాటతాయి. వేడి పెరిగితే టైము తగ్గించాలి, అయిదు నిమిషాలకన్నా తక్కువకు దిగితే ఫిల్ము మీద చారలు పడతాయి. అందుకని బకెట్లో ఐసు ముక్కలు వేసి డెవలపర్, బొమ్మను నిలబెట్టే హైపో, కడిగే నీళ్ల సీసాలు మూడూ అందులో నిలబెట్టండి. ఒకటి చల్లగా, ఒకటి వేడిగా ఉంటే ఫిల్ము పూత ముడతలు పడుతుంది. హెచ్‌పీ5ను డీ-76 అనే డెవలపర్‌లో, దానికి సమానంగా నీళ్లు కలిపి, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. గుంటూరులో మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆరాక ఫిల్ము మీద తెల్ల మచ్చలు వచ్చేవి. చివరి కడుగుకు ఇన్వర్టర్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది.

లెన్సుల కొనుగోలులో తొందర వద్దు. ఆరు నెలలు ఈ ఒక్క 50 ఎంఎంతోనే తీయండి. తర్వాత కావాలంటే 28 ఎంఎం ఎఫ్2.8, మనుషుల ముఖాలకు 135 ఎంఎం ఎఫ్3.5, రెండూ పెంటాక్స్‌వే తేలిగ్గా దొరుకుతాయి. మర తిప్పి బిగించే పాత టాకుమార్ లెన్సులు, రష్యా హీలియోస్ 44 చిన్న అడాప్టర్‌తో మీ కెమెరాకు సరిపోతాయి. హీలియోస్‌తో చెట్టు ముందు మనిషిని నిలబెట్టి తీస్తే వెనక ఆకులు సుడి తిరుగుతాయి. అందరూ దానికోసమే కొంటారు, నాకైతే పది ఫొటోల తర్వాత విసుగొచ్చింది. 50 ఎంఎం ఎఫ్1.4 టాకుమార్‌లో కొన్నిటికి థోరియం కలిపిన గాజు వాడారు, అది ఏళ్లు గడిస్తే టీ రంగులోకి తిరుగుతుంది. అతినీలలోహిత దీపం కింద కొన్నాళ్లు ఉంచితే చాలావరకు తేటపడుతుంది. ఇంట్లో మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరా ఉంటే ఈ లెన్సులన్నీ తగిన అడాప్టర్‌తో దానికీ తగిలించుకోవచ్చు.

ఆ బీరువాలో నెగెటివ్‌ల కవర్లు ఉన్నాయేమో కూడా వెతకండి. కెమెరా మరొకటి దొరుకుతుంది, అవి దొరకవు. కవరు తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఫిల్ము కుళ్లడం మొదలైనట్టే, వాటిని మిగతావాటి నుంచి విడదీసి వెంటనే స్కాన్ చేయించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు తడిసిన నెగెటివ్‌లు పట్టుకుని సింగ్‌నగర్ నుంచి ఒకాయన నా దగ్గరికి వచ్చారు. ఎండలో పెట్టేసరికి అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తడిసినవాటిని ఆరనివ్వకూడదు, శుభ్రమైన చల్లటి నీళ్లలోనే ఉంచి ఒకటిరెండు రోజుల్లోపు విడదీసి కడిగి ఆరేయాలి.

రేపు పగటి వెలుగులో ఆ మూడు పరీక్షలు చేసి, 1/1000 దగ్గర వెలుగు నలుచదరంగా ఉందో లేదో, 1/15 దగ్గర ఎన్ని ఫ్రేములు వచ్చాయో, రేకులు ఎలా కదులుతున్నాయో రాయండి. షట్టర్‌కు పూర్తి సర్వీసు కావాలో, స్పాంజి మారిస్తే సరిపోతుందో దాన్నిబట్టి చెబుతాను.